కటకాలకు లెక్క నేర్పిన కార్మికుని కుమారుడు: ఎర్నెస్ట్ అబ్బే

ముళబాగిలు అన్న పేరు 'మూడల బాగిలు' నుండి వచ్చిందని పెద్దలు చెబుతారు. మూడల బాగిలు అనగా తూర్పు వాకిలి. తూర్పు వాకిలి తెరిస్తే ఇంటిలోనికి వెలుగు వస్తుంది. కెమెరాకు అటువంటి వాకిలి కటకం. అది సరిగా లేకపోతే లోపల ఎంత గొప్ప యంత్రాంగమున్నా చిత్రం మసకగానే ఉంటుంది.

నేడు ప్రతి ఇంటా కనిపించే సెల్‌ఫోను వెనుక కందిగింజంత కన్ను ఒకటి మెరుస్తూ ఉంటుంది. దానిలో ఒకే కటకం ఉన్నదనుకోవడం సహజం. నిజానికి అందులో ఐదు, ఆరు, కొన్నింటిలో ఏడు ప్లాస్టిక్ కటకాలు ఒకదాని వెనుక ఒకటి పేర్చబడి ఉంటాయి. అన్నీ కలిసినా వాటి ఎత్తు కొద్ది మిల్లీమీటర్లే. ఏ కటకానికి ఏ పదార్థం వాడాలి, ఏ వంపు ఇవ్వాలి, రెండింటి మధ్య ఎంత ఎడం ఉండాలి అన్న విషయాలన్నీ అచ్చు పోయడానికి ముందే లెక్కకట్టి నిర్ణయిస్తారు. ఆ లెక్కలో పదేపదే వచ్చే ఒక సంఖ్యకు 'అబ్బే సంఖ్య' అని పేరు. ఆ పేరు వెనుక ఉన్న మహనీయుడు ఎర్నెస్ట్ అబ్బే. ఆయన సెల్‌ఫోనును చూడలేదు. ప్లాస్టిక్ కటకాన్నీ చూడలేదు. అయినా నేటి ఫోను కెమెరాను రూపొందించే ప్రతి ఇంజనీరూ ఆయన వేసిన బాటలోనే నడుస్తున్నాడు. ఆయన జీవితం విద్యార్థులకే కాదు, వారి తల్లిదండ్రులకు కూడా ఆలోచన కలిగించేది.

బాల్యం

అబ్బే 1840వ సంవత్సరం జనవరి 23వ తేదీన జర్మనీలోని ఐసెనాఖ్ పట్టణంలో జన్మించారు. తండ్రి గేయోర్గ్ ఆడమ్ అబ్బే ఒక నూలు మిల్లులో కార్మికుడు. ఆ రోజులలో పనిగంటలకు చట్టమనేది లేదు. ఆయన రోజుకు 14 గంటలు, పని ఒత్తిడి ఎక్కువైతే 16 గంటలు నిలబడి పనిచేసేవాడు. మధ్యాహ్న భోజనానికి కూడా విరామం ఉండేది కాదు. చిన్నవాడైన ఎర్నెస్ట్ భోజనపు గిన్నె పట్టుకొని మిల్లుకు వెళ్ళేవాడు. తండ్రి యంత్రానికి ఆనుకొని గబగబా తిని, ఖాళీ గిన్నెను కుమారుని చేతికిచ్చి, మరుక్షణమే పనిలో మునిగిపోయేవాడు. ఆజానుబాహుడైన ఆ మనిషి యాభై ఏళ్ళు నిండకముందే వృద్ధునివలె కృశించిపోయాడు. ఆ దృశ్యం ఎర్నెస్ట్ మనసులో చెరగని ముద్ర వేసింది. అరవై ఏళ్ళ వయసులో కూడా ఆయన దానిని మరువలేదు.

కుమారుని తెలివితేటలు గమనించిన తండ్రి అతనిని తనవలె మిల్లుకు పంపదలచలేదు. మిల్లు యజమాని చదువుకు ధనసహాయం చేశాడు. ఆ విధంగా ఉన్నత పాఠశాల చదువు పూర్తిచేసిన అబ్బే 1857లో యేనా విశ్వవిద్యాలయంలో చేరారు. రెండేళ్ళ తరువాత గట్టింగెన్ వెళ్ళి, గణిత మేధావి రీమాన్, భౌతికశాస్త్రవేత్త వెబర్ వంటి ఆచార్యుల వద్ద విద్యనభ్యసించారు. ఇతర విద్యార్థులకు పాఠాలు చెప్పి ఖర్చులు గడుపుకొనేవారు. ఉష్ణానికీ, యాంత్రిక శక్తికీ గల సమానత్వంపై పరిశోధన చేసి, 1861లో 21వ ఏట డాక్టరేట్ పట్టం పొందారు. 1863లో యేనాకు తిరిగి వచ్చి అధ్యాపకులయ్యారు. ఆ ఉద్యోగంలో గౌరవం ఉన్నదే కాని రాబడి అంతంతమాత్రం.

జైస్ కార్యశాలలో

అదే యేనా పట్టణంలో కార్ల్ జైస్ అనే నిపుణుడు 1846లో సూక్ష్మదర్శినులూ, ఇతర పరికరాలూ చేసే చిన్న కార్యశాల ప్రారంభించాడు. 1866 నాటికి అక్కడ వెయ్యవ సూక్ష్మదర్శిని తయారైంది. అయినా జైస్‌కు తృప్తి లేదు. ఆనాడు సూక్ష్మదర్శిని కటకాలను తయారుచేసే విధానం మన ఇళ్ళలో ఉప్పూ కారమూ సరిచూసుకున్నట్లే ఉండేది. ఒక కటకాన్ని అరగదీసి చూడటం, బాగులేకపోతే మరొకటి మార్చి చూడటం, ఎప్పటికో ఒక మంచి జత కుదరటం జరిగేది. కుదిరిన జత ఎందుకు కుదిరిందో చేసినవానికి కూడా తెలియదు. కనుక అటువంటిదే మరొకటి చేయగలమన్న నమ్మకం లేదు.

గణితంతో ముందుగానే లెక్కకట్టి కటకాలు చేయవచ్చునని జైస్ నమ్మాడు. ఛాయాచిత్రాల కటకాన్ని పెట్జ్‌వాల్ అనే గణితవేత్త 1840లోనే లెక్కించి రూపొందించి ఉన్నాడు. అంతకంటే క్లిష్టమైన సూక్ష్మదర్శిని కటకాలకు మాత్రం అటువంటి శాస్త్రం ఏర్పడలేదు. 1866లో జైస్ ఈ బాధ్యతను 26 ఏళ్ళ అబ్బేకు అప్పగించాడు.

అబ్బే లెక్కలు కట్టారు. పనివారు ఆ లెక్క ప్రకారం కటకాలు అరగదీశారు. ఫలితం మాత్రం నిరాశ కలిగించింది. శాస్త్రోక్తంగా చేసిన ఆ కటకాలు, చేతివాటంతో చేసిన పాతవాటికంటే తక్కువగా పనిచేశాయి! కారణమేమంటే, కటకం అంచుల నుండి వచ్చే కిరణాలు దోషాలను పెంచుతాయి కనుక అబ్బే ద్వారాన్ని చిన్నదిగా ఉంచారు. దోషాలు తగ్గాయి గాని సూక్ష్మమైన వివరాలు మాయమయ్యాయి. మరొకరైతే లెక్కను వదిలి పాత పద్ధతికి మరలిపోయి ఉండేవారు. జైస్ సహనం వహించాడు. అబ్బే తన ఓటమినే ప్రశ్నగా మార్చుకున్నారు.

ఆ ప్రశ్నకు లభించిన సమాధానమే ఆయన పేరును శాశ్వతం చేసింది. అతిసూక్ష్మమైన గీతల మీద పడిన కాంతి తిన్నగా పోక ప్రక్కలకు చెదరుతుంది. దీనినే వివర్తనం అంటారు. గీతలు ఎంత దగ్గరగా ఉంటే కాంతి అంత ఎక్కువ కోణంలో చెదరుతుంది. ఆ చెదరిన కాంతిని కటకం గ్రహించినపుడే గీతలు విడివిడిగా కనిపిస్తాయి. ఇరుకైన కటకం దానిని పోగొట్టుకుంటుంది. 1873లో అబ్బే ఈ సిద్ధాంతాన్ని ప్రకటించారు. దాని ప్రకారం సాధారణ కాంతితో చూసే సూక్ష్మదర్శిని, ఎంత నేర్పుతో చేసినా, మిల్లీమీటరులో సుమారు ఐదువేల వంతులో ఒకటి కంటే తక్కువ దూరంలో ఉన్న వివరాలను విడదీసి చూపలేదు. తాను చేసే వస్తువు ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో కొనేవారికి దాచకుండా చెప్పడం ఆయన శాస్త్రనిష్ఠకు నిదర్శనం. ఆ సూత్రం నేడు యేనాలోని ఆయన స్మారకశిలపై చెక్కబడి ఉంది.

1872 నుండి జైస్ సూక్ష్మదర్శినుల కటకాలన్నీ అబ్బే లెక్కల ప్రకారమే తయారయ్యాయి. 1876లో జైస్ ఆయనను భాగస్వామిగా చేసుకున్నాడు. బెర్లిన్ నగరం నుండి పెద్ద పదవికి పిలుపు వచ్చినా అబ్బే యేనాను విడువలేదు. 1882లో రాబర్ట్ కాక్ క్షయరోగక్రిమిని కనుగొన్నప్పుడు ఆయన చేతిలో ఉన్నవి యేనాలో తయారైన కటకాలే.

గాజు కోసం అన్వేషణ

లెక్క ఎంత సరిగా ఉన్నా తగిన పదార్థం లేనిదే కటకం లేదు. తెల్లని కాంతిలో ఏడు రంగులున్నాయని పిల్లలు చదువుకుంటారు. కటకం ఒక్కొక్క రంగును ఒక్కొక్క కోణంలో వంచుతుంది. అందువలన బొమ్మ అంచుల చుట్టూ రంగుల చారలు ఏర్పడతాయి. రంగులను తక్కువగా చెదరగొట్టే గాజుతో కుంభాకార కటకం, ఎక్కువగా చెదరగొట్టే గాజుతో పుటాకార కటకం చేసి జతపరిస్తే, ఒకదాని దోషాన్ని మరొకటి సరిచేస్తుంది. ఏ గాజు రంగులను ఎంతగా చెదరగొడుతుందో ఒక్క అంకెలో తెలిపేదే అబ్బే సంఖ్య. అది ఎక్కువగా ఉంటే రంగుల చెదరుపాటు తక్కువ; తక్కువగా ఉంటే చెదరుపాటు ఎక్కువ. సాధారణమైన క్రౌన్ గాజుకు అది 60 ప్రాంతంలో, ఫ్లింట్ గాజుకు 36 ప్రాంతంలోను అంతకంటే తక్కువగాను ఉంటుంది.

ఆనాడు దొరికే గాజు రకాలు చాలా కొద్ది. 1876లో లండన్‌లో జరిగిన శాస్త్రపరికరాల ప్రదర్శన చూసిన అబ్బే, గాజు తయారీలో మార్పు రానిదే కటకాలు ఇక ముందుకు సాగవని తన నివేదికలో స్పష్టం చేశారు. ఆ కొరతను తీర్చగల యువకుడు ఓటో షాట్. గాజు చేసేవారి కుటుంబంలో పుట్టి రసాయనశాస్త్రం చదివిన షాట్, 1879లో తాను కరిగించిన కొత్త గాజు గురించి అబ్బేకు ఉత్తరం వ్రాశాడు. ఆ ఉత్తరం ఇద్దరినీ కలిపింది. 1882లో షాట్ యేనాకు వచ్చాడు. 1884లో అబ్బే, జైస్‌లతో కలిసి గాజు కర్మాగారం ప్రారంభించాడు. కొత్త గాజులతోను, ఫ్లోరైట్ అనే ఖనిజంతోను 1886లో రంగుల దోషం దాదాపు లేని సూక్ష్మదర్శిని కటకాలు వెలువడ్డాయి.

కొత్త గాజులు కెమెరాలకు కూడా ఉపయోగపడ్డాయి. అబ్బే చేరదీసిన పాల్ రుడాల్ఫ్ 1890లో జైస్ సంస్థ తొలి ఛాయాచిత్ర కటకాన్ని, 1902లో నాలుగు కటకాల టెస్సార్‌ను రూపొందించాడు. కోలారు బంగారు గనులకు శివనసముద్రం నుండి విద్యుత్తు వచ్చిన ఏడాది కూడా అదే.

సెల్‌ఫోనులో అబ్బే

ఆ కాలపు గాజు కటకాలకూ నేటి సెల్‌ఫోను ప్లాస్టిక్ కటకాలకూ నూరేళ్ళ దూరముంది. సూత్రం మాత్రం మారలేదు. ఫోను కటకాలను అరగదీయరు. ప్లాస్టిక్ గుళికలను కరిగించి, వజ్రపు మొనతో చెక్కిన లోహపు అచ్చులలోనికి ఒత్తిడితో ఎక్కిస్తారు. అందువలన గోళాకారం కాని చిత్రమైన వంపులను సైతం లక్షల సంఖ్యలో ఒకే తీరుగా పొందవచ్చు. గాజులో అటువంటి వంపులు తీర్చడం ఎంతో ఖర్చుతో కూడిన పని. చివరి కటకం వంపును గమనిస్తే అది రెక్కలు చాచిన పక్షివలె ఉంటుంది. బొమ్మ మధ్యభాగమే కాక అంచులు కూడా చదునైన గ్రాహక ఫలకంపై స్పష్టంగా పడేటట్లు చూడటం దాని పని.

అయితే ప్లాస్టిక్కులలో కటకాలకు తగినవి కొద్ది రకాలే. అబ్బే కాలంలో గాజు కొరత ఎటువంటిదో నేడు ప్లాస్టిక్ కొరత అటువంటిదే. సైక్లిక్ ఓలిఫిన్ అనే రకానికి అబ్బే సంఖ్య సుమారు 56. పాలీకార్బొనేట్‌కు సుమారు 30. రూపశిల్పి ఈ రెండు తరగతులను జతపరచి రంగుల దోషాన్ని తొలగిస్తాడు. కుంభాకారానికి మొదటిది, పుటాకారానికి రెండవది వాడటం అబ్బే నాటి ఉపాయమే. ప్లాస్టిక్ మరొక చిక్కును కూడా తెస్తుంది. వేడికి అది గాజుకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది. కాంతిని వంచే గుణమూ మారుతుంది. ఎండలో జేబులో ఉన్న ఫోనుకు ఇది చిన్న విషయం కాదు. దానిని కూడా ముందే లెక్కలోనికి తీసుకోవలసి ఉంటుంది. కటకాలను గొట్టంలో పేర్చేటప్పుడు కొద్ది మైక్రాన్లు ప్రక్కకు జరిగినా బొమ్మ చెడుతుంది. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు.

అబ్బే గీసిన హద్దు కూడా ఫోనుకు వర్తిస్తుంది. ఫోను కటకం ఎంత దోషరహితంగా ఉన్నా, కాంతి వివర్తనం వలన బొమ్మలో ఒక మైక్రానుకు అటూ ఇటూగా ఉన్న వివరాలను మించి విడదీయలేదు. గ్రాహక ఫలకంపై గడులను అంతకంటే చిన్నవి చేసి సంఖ్య పెంచినంత మాత్రాన బొమ్మలో కొత్త వివరం పుట్టదు. ఫోను కొనేటప్పుడు మెగాపిక్సెళ్ళ అంకెను చూసి మురిసిపోయేవారు అబ్బే సూత్రాన్ని గుర్తుంచుకోవడం మంచిది. 2005లో నోకియా ఎన్ 90 అనే ఫోనులో తొలిసారి జైస్ పేరుగల కటకం వచ్చింది. ఆ విధంగా యేనా కార్యశాల పేరు మన జేబులలోనికి చేరింది.

సంపదను ఏమి చేశారు?

1888లో కార్ల్ జైస్ మరణించాడు. అబ్బే చేతికి గొప్ప ఐశ్వర్యం వచ్చింది. మిల్లు కార్మికుని కుమారుడు మిల్లు యజమాని వంటివాడయ్యాడు. ఇక్కడే ఆయన జీవితంలోని నిజమైన పరీక్ష ఎదురైంది. ఈ సంపద తన లెక్కల వలననే వచ్చిందని అనుకోవడానికి ఆయనకు హక్కు ఉంది. ఆయన అలా అనుకోలేదు. పాత ఆచార్యుల జ్ఞానం, విశ్వవిద్యాలయం, కటకాలను చేతితో తీర్చిన పనివారి నైపుణ్యం కలిసి చేకూర్చిన ఫలం అదని భావించారు.

1889లో ఆయన కార్ల్ జైస్ ఫౌండేషన్‌ను స్థాపించారు. 1891లో సంస్థలోని తన వాటాను దానికి ధారపోశారు. ఫౌండేషన్‌కు తన పేరు కాక తనకు అవకాశమిచ్చిన మిత్రుని పేరు పెట్టారు. తాను యజమాని స్థానం నుండి దిగి, జీతం తీసుకునే నిర్వాహకులలో ఒకరైనారు. 1896 నాటి నిబంధనావళిలో పనివారికి వేతనంతో కూడిన సెలవు, పింఛను, తమ తప్పు లేకుండా పని పోయినవారికి పరిహారం పొందే హక్కు కల్పించారు. ఇవి యజమాని దయ కాక హక్కులుగా వ్రాయబడ్డాయి. కులగోత్రాలను, మతాన్ని, రాజకీయాలను చూసి మనిషిని పనిలో పెట్టుకోరాదన్నారు. ఎంత పెద్ద అధికారి అయినా కార్మికుల సగటు వేతనానికి పది రెట్లు మించి జీతం తీసుకోరాదని నియమించారు. యేనా విశ్వవిద్యాలయానికి ధనం సమకూర్చారు. పట్టణ ప్రజలకు పఠనాలయం, సభా మందిరం ఏర్పడటానికి తోడ్పడ్డారు.

1900 ఏప్రిల్ 1వ తేదీ నుండి జైస్ కర్మాగారంలో రోజుకు ఎనిమిది గంటల పని అమలులోనికి వచ్చింది. అంతకుముందు తొమ్మిది గంటలుండేది. గంట తగ్గితే నష్టం వస్తుందని చాలామంది భయపడ్డారు. అబ్బే దీనిని కూడా కటకాన్ని పరీక్షించినట్లే పరీక్షించారు. పనివారి అభిప్రాయం తీసుకున్నారు. మార్పుకు ముందూ తరువాతా జరిగిన పనిని కొలిచారు. ఎనిమిది గంటలలో అయిన పని తొమ్మిది గంటలలో అయినదానికంటే తక్కువ కాలేదు సరికదా, కొంచెం ఎక్కువగానే తేలింది. అలసిన మనిషి అదనంగా నిలబడిన గంట ఎవరికీ ఉపయోగపడదని ఆయన అంకెలతో నిరూపించారు. యంత్రానికి ఆనుకొని భోజనం చేసిన తండ్రికి ఆ కుమారుడు తీర్చుకున్న ఋణమది.

అతిశ్రమ వలన ఆరోగ్యం చెడి 1903లో ఆయన బాధ్యతల నుండి తప్పుకున్నారు. 1905 జనవరి 14వ తేదీన, 65 ఏళ్ళు నిండటానికి తొమ్మిది రోజుల ముందు, యేనాలో పరమపదించారు. ఆయన స్థాపించిన ఫౌండేషనే నేటికీ జైస్, షాట్ సంస్థలకు యజమాని.

మనకు నేర్పేది

కోలారు జిల్లా ప్రజలకు శ్రమ విలువ వేరొకరు చెప్పనవసరం లేదు. 1880లో జాన్ టేలర్ సంస్థ గనులను చేపట్టినది మొదలు 2001 ఫిబ్రవరిలో అవి మూతపడేవరకు ఎన్నో తెలుగు, తమిళ కుటుంబాలు భూగర్భంలో చెమటోడ్చాయి. 2020 నుండి మన జిల్లాలోని నరసాపురలో సెల్‌ఫోనులను కూర్చే పెద్ద కర్మాగారం నడుస్తున్నది. అదే ఏడాది డిసెంబరులో వేతనాలు, పనిగంటల విషయమై అక్కడ అశాంతి చెలరేగిన సంగతి ఈ ప్రాంతపు తల్లిదండ్రులకు తెలియనిది కాదు. మన పిల్లలు చేతితో తాకే ఆ చిన్న కెమెరా ఒక వైపు అబ్బే లెక్కను, మరొక వైపు అబ్బే అడిగిన ప్రశ్నను మోసుకొస్తున్నది. వస్తువు ఎంత బాగా తయారైంది అన్నది మొదటిది. దానిని తయారుచేసినవారు ఎలా ఉన్నారు అన్నది రెండవది.

ఫోను కెమెరాలో ఏ ఒక్క కటకమూ నిర్దుష్టమైనది కాదు. ఒకదాని లోపాన్ని మరొకటి పూరిస్తూ అన్నీ కలిసి ఒక చక్కని చిత్రాన్ని ఇస్తున్నాయి. పాఠశాల కూడా అటువంటిదే. లెక్కలలో వెనుకబడిన పిల్లవాడు, ఫీజు కట్టలేని ఇంటి పిల్ల, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, పూర్వవిద్యార్థులు కలిసినపుడే అది నిలుస్తుంది. ఐసెనాఖ్‌లో ఒక కార్మికుని కుమారుని చదువుకు ఎవరో చేయూతనిచ్చారు. ఆ చేయూత లోకానికి కొత్త చూపునిచ్చింది. అటువంటి బాలుడో బాలికో నేడు మన తరగతి గదిలోనే కూర్చొని ఉండవచ్చు. ఆ బిడ్డను గుర్తించి చేయి అందించడమే ఈ ప్లాటినం జూబిలీ వేళ మన కర్తవ్యం.